రొమ్ము ఇంప్లాంట్ సైజు తగ్గించుకోవాలంటే: ముందు చర్మం సంగతి, ఆ తర్వాతే సీసీలు

ప్రశ్న అడిగిన మేడమ్ విజయనగరంలో టీచర్. వయసు 38, ఇద్దరు పిల్లలు. 2015లో హైదరాబాద్‌లో రొమ్ములకి 375 సీసీ (సీసీ అంటే ఇంప్లాంట్ పరిమాణం కొలత) సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్నారు. ఇప్పుడు బరువనిపిస్తోందట, మెడ లాగుతోందట, చీర కట్టినా చుడీదార్ వేసినా జనం చూపు అక్కడికే పోతోందని ఇబ్బంది. పాతవి తీసేసి 200 సీసీవి పెట్టించుకుంటే సరిపోతుందా, లిఫ్ట్ (జారిన రొమ్ముని పైకెత్తి, మిగిలిన చర్మం తీసేసే ఆపరేషన్) కూడా చేయించుకోవాలా, దసరా సెలవుల్లో పని అయిపోతుందా, విజయనగరంలోనే చేయించుకోవచ్చా అని అడిగారు.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. సొంతూరు శ్రీకాకుళం జిల్లా, ప్రాక్టీసు విశాఖలో. ఇలాంటి కేసులు పదేళ్ల కిందట అరుదుగా వచ్చేవి. ఈమధ్య తరచుగా వస్తున్నాయి. నా అనుభవంలోంచి చెప్తాను. మిమ్మల్ని పరీక్ష చేయకుండా చెప్తున్న మాటలని మాత్రం గుర్తుంచుకోండి.

సూటిగా చెప్పాలంటే: చిన్న సైజుకి మార్చుకోవచ్చు. కానీ పదేళ్లు దాటిన ఇంప్లాంటు, ఇద్దరు పిల్లల తర్వాత, 375 నుంచి 200కి దిగాలంటే ఒట్టి మార్పిడి సరిపోయే అవకాశం తక్కువ. లిఫ్ట్ పడే అవకాశమే ఎక్కువ. దసరా సెలవులు చాలవు. పరీక్షలు, స్కానింగ్ విజయనగరంలో చేయించుకోండి, ఆపరేషన్ మాత్రం విశాఖలో పెట్టుకోండి.

కారణం చెప్తాను. ఓపీలో చాలామంది అడిగేది ఒకటే: "తీసీసి చిన్నది ఎట్టీడానికి ఏటమ్మా అంత ఆలోచన?" తీసి పెట్టడం నిజంగానే తేలిక. పాత కోత గీత మీదే మళ్లీ తెరిచి, పాతది బయటికి తీసి, కొత్తది పెట్టడానికి ఎంతోసేపు పట్టదు. కష్టమంతా పాత ఇంప్లాంట్ వదిలి వెళ్లిన ఖాళీతోనే. ఒంట్లోకి బయటి వస్తువు ఏది వెళ్లినా శరీరం దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. దాన్ని క్యాప్సూల్ అంటాం. మీ క్యాప్సూల్ 375 సీసీకి సరిపడా తయారైంది, పైన చర్మం కూడా దానికి తగ్గట్టు సాగింది. అందులో 200 సీసీ పెడితే పెద్ద తలగడ గలీబులో చిన్న తలగడ దూర్చినట్టే. పడుకుంటే చంక వైపు జారుతుంది, లేస్తే కిందకి దిగుతుంది, పైభాగం బోసిపోతుంది. కొత్తలో వాపు వల్ల బాగానే కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకి వాపు పూర్తిగా దిగాక అసలు రూపం బయటపడుతుంది.

అందుకే ఈ ఆపరేషన్‌లో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇంప్లాంట్ మీద కాదు, ఆ ఖాళీ మీద. క్యాప్సూల్‌ని లోపల నుంచి కుట్లేసి పక్కలా, కిందా బిగిస్తాం. కొన్నిసార్లు అది గట్టిపడిపోయో, సున్నం పట్టినట్టయ్యో ఉంటే కొంత భాగమో మొత్తమో తీసేయాల్సి వస్తుంది. పాతది ఛాతీ కండరం పైన, రొమ్ము కణజాలం కింద పెట్టి ఉంటే, కొత్తది కండరం కిందకి మార్చడం ఒక మంచి దారి. అక్కడ కొత్త పాకెట్ (ఇంప్లాంట్ కూర్చునే చోటు) మనకి కావలసిన కొలతకి చేసుకోవచ్చు, పాత ఖాళీ మూసుకుపోతుంది. పాతది కండరం కిందే ఉంటే పని కాస్త చిక్కు. అందుకే మీది ఎక్కడ పెట్టారన్నది ముందు తేలాలి.

లిఫ్ట్ కావాలా వద్దా అన్నది ఎలా తేలుతుంది? అద్దం ముందు నిలబడి మీరే ఒక అంచనాకి రావచ్చు. రొమ్ము కింద ఛాతీకి అతుక్కునే మడత ఉంటుంది కదా, చనుమొన ఆ మడత గీతకి పైన ఉందా, సమానంగా ఉందా, కిందకి ఉందా చూడండి. ఇప్పుడు ఇంప్లాంట్ లోపల ఉండగానే సమానంగానో కిందకో ఉంటే, చిన్నది పెట్టాక ఇంకా కిందకి దిగుతుంది. అప్పుడు లిఫ్ట్ తప్పదు. బాగా పైకే ఉండి, చర్మం బిగువుగా ఉండి, సాగిన చారలు పెద్దగా లేకపోతే ఒట్టి మార్పిడితో బయటపడొచ్చు. తగ్గించే సైజు కూడా ముఖ్యం. 375 నుంచి 300కి అంటే చర్మం చాలావరకు సర్దుకుంటుంది, అయితే బయటికి తేడా కూడా పెద్దగా తెలియదు. 200కి అంటే దాదాపు సగానికి సగం. ఒకే ప్రొఫైల్‌లో (ఇంప్లాంట్ ముందుకి ఉబ్బే తీరులో) 375 నుంచి 250కి దిగితేనే ఇంప్లాంట్ అడుగు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్ వరకు తగ్గుతుంది. అంటే రెండు రొమ్ముల మధ్య ఎడం పెరుగుతుంది. ఈ సంగతి ముందు చెప్పకపోతే తర్వాత "మధ్యలో ఇంత ఖాళీ ఏమిటి డాక్టర్" అని వస్తారు.

లిఫ్ట్ అంటే మచ్చలు. దాచి చెప్పి లాభం లేదు. తక్కువ పని అయితే చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున ఒక గీత. ఎక్కువైతే అక్కడి నుంచి కిందకి నిలువుగా ఇంకో గీత, అవసరాన్ని బట్టి అడుగు మడతలో అడ్డంగా మరొకటి. మన చర్మ రంగుకి మచ్చలు నల్లబడటం, ఉబ్బడం కాస్త ఎక్కువే. చెవి కుట్టించుకున్న చోటో, టీకా వేసిన చోటో కండ ఉబ్బి కీలాయిడ్ అయిన వాళ్లుంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. సిలికాన్ షీట్లు, జెల్ వాడితే చాలామందికి బాగానే తగ్గుతాయి. మచ్చ తెల్లబడి సన్నబడటానికి ఏడాది, ఏడాదిన్నర ఓపిక పట్టాలి.

మచ్చలు వద్దని లిఫ్ట్ ఎగ్గొట్టిన వాళ్లని నేను చూశాను. ఒకావిడ (వివరాలు మార్చి చెప్తున్నాను) వేరే చోట 400 నుంచి 225కి ఒట్టి మార్పిడి చేయించుకుని, ఏడాది తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఇంప్లాంట్ మడత కిందకి జారిపోయింది, చనుమొన పైకి చూస్తోంది, పైన చర్మం ముడతలు. చివరికి లిఫ్టూ పడింది, పాకెట్ బిగింపూ పడింది. ఒక మత్తుతో పోయేదానికి రెండు మత్తులు, రెండు బిల్లులు.

అన్ని కేసులూ ఇలా ఉండవు. పెళ్లికి ముందు 300 సీసీ పెట్టించుకుని, రెండేళ్లకే 225కి మార్చుకున్న బ్యాంకు ఉద్యోగిని ఒకరున్నారు. పిల్లలు లేరు, చర్మం బిగువు. పాత గీతలోంచే మార్చి, పక్కల నాలుగు కుట్లు బిగించాం. అంతే.

ఇక లిఫ్టూ, మార్పిడీ ఒకేసారా, విడివిడిగానా? ఇది సర్జన్లలోనే వాదన ఉన్న విషయం. పెద్ద ఇంప్లాంట్ ఏళ్ల తరబడి నొక్కడంతో రొమ్ము కణజాలం పలచబడుతుంది. చనుమొనకి రక్తం అందించే నాళాలు ఆ పలచని పొరలోంచే పోతాయి. క్యాప్సూల్ తీసి, పాకెట్ మార్చి, అదే పూట చర్మం కోసి లిఫ్ట్ కూడా చేస్తే చనుమొనకి రక్తం తగ్గే ప్రమాదం ఉంటుంది. కణజాలం మందంగా ఉండి, షుగర్, పొగాకు లేకపోతే ఒకేసారి చేస్తాను. బాగా పలచగా ఉంటే ముందు తీసేసి, మూడు నుంచి ఆరు నెలలు ఆగి రెండో దశ చేస్తాను. రెండుసార్లు ఎవరికీ నచ్చదు, కానీ చనుమొన నల్లబడితే దాన్ని వెనక్కి తేలేం.

పొగాకు అంటే గుర్తొచ్చింది. ఓపీలో సిగరెట్ తాగుతారా అని ఆడవాళ్లని అడిగితే నవ్వుతారు. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లు ఈ ఆపరేషన్‌కి రారులెండి. కానీ గుట్కా, ఖైనీ, పళ్లపొడిలా వాడే పొగాకు మాత్రం అడిగి తీరాలి. నికోటిన్ ఏ రూపంలో వెళ్లినా రక్తనాళాలు ముడుచుకుంటాయి. కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు మానేయాలి, తర్వాత కూడా అంతే.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. బరువు నిజంగా ఇంప్లాంట్‌దేనా? సిలికాన్ జెల్ ఒక సీసీ దాదాపు ఒక గ్రాము తూగుతుంది. మీవి రెండూ కలిపి ముప్పావు కిలో. 200కి దిగితే తగ్గేది 350 గ్రాములు. ఇంప్లాంట్ మాత్రం పదేళ్లలో పెరగదు. పెరిగేది మీ సొంత కణజాలం. కాన్పులు, ఒంటి బరువు, వయసు అన్నీ కలిసి 2015లో లేని బరువు ఇప్పుడు చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంప్లాంట్ ఒక్కటే తగ్గించినా మీకు తేలికైనట్టు అనిపించదు. లిఫ్ట్‌తో పాటు కొంత సొంత కణజాలం కూడా తీయాల్సి రావచ్చు. మెడ నొప్పి సంగతీ అంతే. రోజంతా తల వంచి నోట్‌బుక్కులు దిద్దే టీచర్‌కి మెడ నొప్పి రావడానికి రొమ్ములే కారణం కానక్కర్లేదు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. చేతులు తిమ్మిరెక్కుతుంటే తప్పకుండా చూపించుకోండి. సైజు తగ్గితే మెడ నొప్పి పోతుందని ఏ సర్జనైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఇంకో మాట. చిన్నవి కావాలని వచ్చేవాళ్లలో కొందరికి నిజానికి ఇంప్లాంట్లే వద్దు. ఆ మాట అనడానికి మొహమాటం, పెట్టిన డబ్బు గుర్తొచ్చి కొంత బాధ. పక్కన భర్తగారు మాట్లాడుతుంటే ఆవిడ నేల చూస్తూ కూర్చుంటారు. అందుకే నేను ఆవిడతో ఒంటరిగా కాసేపు మాట్లాడతాను. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ 200 సీసీ కావాలని వచ్చి, ఆ మాటల్లో తేల్చుకున్నది ఏమిటంటే ఇంప్లాంట్లే అక్కర్లేదని. కాన్పుల తర్వాత సొంత కణజాలమే చాలినంత ఉంది. రెండూ తీసేసి లిఫ్ట్ చేశాం. ఇంప్లాంట్ ఉన్నన్నాళ్లూ స్కానింగులు ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు ఇంకో ఆపరేషన్ ఉండొచ్చు. ఆవిడకి ఆ టెన్షన్ లేదు. మీ కొలతలు నాకు తెలియవు కాబట్టి మీరూ ఇలాగే చేయండని అనను. కానీ 200 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీకు మీరే ఆలోచించుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరి ఫొటో కిందో చూసిన అంకె అయితే దాన్ని వదిలేయండి. అదే 200 సీసీ ఇద్దరి ఒంటి మీద రెండు రకాలుగా ఉంటుంది. 2015కి ముందు కుట్టించుకున్న జాకెట్టు ఒకటి బీరువాలో ఉంటే తీసుకురండి. మీకు నచ్చిన కొలత ఏదో దాన్ని చూస్తే సీసీల కన్నా బాగా అర్థమవుతుంది. మత్తులో ఉన్నప్పుడు బల్లని కూర్చున్నట్టు పైకి లేపి, తాత్కాలికంగా సైజర్లు (కొలత చూసే నమూనా ఇంప్లాంట్లు) పెట్టి చూసి అప్పుడు తేలుస్తాం. అందుకే నేను ఒక్క సైజు తెప్పించను, రెండు మూడు సైజులు థియేటర్‌లో సిద్ధంగా ఉంచుతాను. మీరు ఒప్పుకోవాల్సింది కూడా ఒక అంకెకి కాదు, ఒక హద్దుకి.

పాత కాగితాలు వెతకండి. ఇంప్లాంట్ డబ్బాలో వచ్చే స్టిక్కర్ ఫైల్లో అతికిస్తారు, లేదా చిన్న కార్డు ఇస్తారు. కంపెనీ, సీరియల్ నంబర్, సైజు, పైపొర నున్నగా ఉందా గరుకుగా ఉందా అన్నవి దాని మీద ఉంటాయి. హైదరాబాద్ ఆసుపత్రిని అడగండి, కానీ ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచితే చాలన్నది మన దేశంలో నియమం కాబట్టి ఆశ పెట్టుకోవద్దు. దొరక్కపోయినా మునిగిపోయేదేమీ లేదు. కండరం పైనా కిందా అన్నది స్కానింగ్‌లో తెలుస్తుంది, చాలా ఇంప్లాంట్లకి వెనక వైపు సైజు ముద్రించి ఉంటుంది.

గరుకు పొర సంగతి ఎందుకంటే, 2019 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడగడంతో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకం గరుకు ఇంప్లాంట్లని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. వాటి చుట్టూ ఏర్పడే పొరలో ఒక అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) రావడమే కారణం. ఏ లక్షణమూ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదని కూడా ఎఫ్‌డీఏనే చెప్పింది. కానీ మీరు ఎలాగూ మార్చుకుంటున్నారు కాబట్టి, మీవి అలాంటివైతే నున్నటి వాటికి మారడం మంచిది. ఏళ్ల తర్వాత ఒక పక్క ఉన్నట్టుండి నీరు చేరినట్టు వాచి ఉంటే మాత్రం సైజు మాట పక్కన పెట్టి ముందు ఆ నీటిని తీసి పరీక్షకి పంపాలి.

పదేళ్లకి తప్పక మార్చాలన్నది అపోహ. అలా గడువేమీ లేదు. జీవితాంతం ఉండే వస్తువులు కావన్నది మాత్రం నిజం. సిలికాన్ ఇంప్లాంట్ చిరిగినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే పెట్టిన ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో చేయించుకోమని ఎఫ్‌డీఏ సూచన. మీరు ఇప్పటిదాకా ఒక్కటీ చేయించుకోలేదని రాశారు. ఆపరేషన్ తేదీ అడగక ముందే అది చేయించుకోండి. చిరిగి ఉంటే ఆపరేషన్ తీరే మారిపోతుంది. మామోగ్రామ్ తీస్తే ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, దానికి తీసే పద్ధతి వేరు.

నీరసం, జుట్టు రాలడం, కీళ్ల నొప్పులు కూడా ఉంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. అవి బాగుండి, ఆ బాధలు ఇంప్లాంట్ల వల్లేనని మీకు గట్టిగా అనిపిస్తుంటే సైజు తగ్గించడం దానికి మందు కాదు. అప్పుడు మాట్లాడుకోవాల్సింది తీసేయడం గురించి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆపరేషన్ వాయిదా వేయండి, కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ అంతా సాగుతుంది.

మామూలు రక్తపరీక్షలతో పాటు మన జిల్లాల వాళ్లకి నేను ఒకటి గట్టిగా చెప్తాను. మీ పుట్టిల్లు కవిటి, సోంపేట, పలాస వైపు, అంటే ఉద్దానం అయితే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు. అక్కడ కిడ్నీ జబ్బు లక్షణాలు లేకుండానే ముదురుతుంది. ఆపరేషన్ తర్వాత ధారాళంగా రాసే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అలాంటి కిడ్నీలకి మంచివి కావు.

దసరా సెలవుల సంగతి. రెండు వారాల్లోపు స్కూల్‌కి వెళ్లగలరేమో, కూర్చుని పాఠం చెప్పే మాటైతే. బోర్డు మీద చెయ్యి పైకెత్తి రాయడం, అదీ ఇంప్లాంట్ కండరం కింద ఉంటే, మూడు నాలుగు వారాల దాకా వద్దు. బిందె ఎత్తడం, గ్యాస్ బండ జరపడం, చంటివాళ్లని ఎత్తుకోవడం ఆరు వారాలు బంద్. స్కూటీ కూడా కనీసం మూడు వారాలు ఆపండి. ఇంకా, విజయదశమి తర్వాత మంగళవారం మీ ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇంట్లో చుట్టాలు, వీధిలో తోపులాట. పచ్చి కుట్లతో ఆ జనంలోకి వెళ్లకూడదు, ఇంట్లో ఉంటే వంట మీదే పడుతుంది. సంక్రాంతి తర్వాత నెల రోజులు సెలవు పెట్టుకోగలిగితే ఆ కాలం నాకు నచ్చుతుంది. ఉక్క ఉండదు, మడత కింద చెమట పట్టదు, ఆరు వారాలు రాత్రీ పగలూ సపోర్ట్ బ్రా వేసుకోవడం కూడా ఆ చలిలో తేలిక. ఎండాకాలంలో చేయకూడదని కాదు, ఇబ్బంది ఎక్కువ.

విశాఖ ఎందుకన్నానంటే, మార్పిడి ఆపరేషన్ మొదటి దానికన్నా చిక్కు. సైజర్లు, రెండు మూడు సైజుల ఇంప్లాంట్లు, అవసరమైతే రాత్రికి రాత్రి మళ్లీ తెరవగల థియేటర్, మత్తు డాక్టర్ అందుబాటులో ఉండాలి. చేసేవారు ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివారో లేదో చూసుకోండి. కాస్మెటాలజీ అని బోర్డు ఉన్నంత మాత్రాన సర్జన్ అయిపోరు. మార్పిడి కేసులు ఎన్ని చేశారని మొహమాటపడకుండా అడగండి. డిశ్చార్జ్ మర్నాడే ఇచ్చినా మూడు నాలుగు రోజులు విశాఖలోనే చుట్టాల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండండి. ఆపరేషన్ చోట లోపల రక్తం కారి గడ్డలా పేరుకోవడం ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. ఒక పక్క ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బి, నొప్పి పెరిగితే అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి. ఇంటికి వచ్చాక అలా అయితే విశాఖ బస్సు కోసం చూడకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి అక్కడి నుంచి సర్జన్‌తో మాట్లాడించండి. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము కూడా అంతే.

డబ్బు విషయం కొద్దిగా. ఇది అందం కోసం చేసే ఆపరేషన్ కింద లెక్క, ఆరోగ్య బీమా రాదు, పైగా 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. సైజు నచ్చలేదన్నది కంపెనీ వారంటీలోకి రాదు. స్కానింగ్‌లో చిరిగినట్టు తేలితే వారంటీ పనికి రావచ్చు, దానికీ ఆ స్టిక్కరే ఆధారం. మొదటిసారి అయినంతలో అయిపోతుందనుకోకండి, లిఫ్ట్ కలిస్తే థియేటర్ సమయం పెరుగుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు మళ్లీ సరిచేయాల్సి వస్తే ఎవరు ఎంత భరించాలో రాయించుకోండి.

కాబట్టి వరసగా: ముందు అల్ట్రాసౌండ్, ఆ తర్వాత మెడకి ఆర్థో డాక్టర్, తర్వాత ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్ల అభిప్రాయం. ఇద్దరూ లిఫ్ట్ కావాలంటే కావాలనే అర్థం. ఒకరు కావాలని, ఒకరు వద్దని అంటే వద్దన్నవారిని "మడత కిందకి జారితే అప్పుడేం చేస్తారు" అని అడిగి చూడండి. స్టిక్కర్ దొరికితే ఫొటో ఇక్కడ పెట్టకండి, దాని మీద మీ పేరూ ఆసుపత్రి నంబరూ ఉండొచ్చు. కంపెనీ పేరు, నున్నదా గరుకుదా అన్నది మాత్రం రాయండి, చూసి చెప్తాను.